తాత చూపిన చోట తవ్విన మట్టి

మా తాత అరచేతుల్లో గీతలు సరిగా కనబడవు. రేషన్ దుకాణంలో వేలిముద్ర యంత్రం మీద ఆయన వేలు నాలుగైదు సార్లు పెట్టినా పడదు. ముప్పై ఏళ్ళకు పైగా సున్నపు నీళ్ళలో నానిన చేతులు అవి. మా ఊరి చివర లంద ఉండేది. పచ్చి తోళ్ళను గుంతల్లో ఊరబెట్టి పదును చేసే చోటును మా వైపు లంద అంటారు. ముందు తోలును సున్నపు నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి వెంట్రుకలు గీకేయాలి. లోపలి వైపు అంటుకున్న మాంసపు పొరను తీసేసి, సున్నం పోయేదాకా కడగాలి. ఆ తర్వాత తంగేడు చెక్క ఊరిన నీళ్ళలో వారాల పాటు ఉంచాలి. అప్పుడు రెండు రోజుల్లో కుళ్ళిపోవలసిన తోలు ఏళ్ళ తరబడి చెప్పులుగా, మోటకు తొండంగా నిలుస్తుంది. ఆ పని వాసనకు ఊరు ముక్కు మూసుకుని మమ్మల్ని దూరంగా ఉంచింది. ఆ తోలు లేకుండా మాత్రం ఊరికి ఒక్క రోజు గడవలేదు.

నేను సూక్ష్మజీవ శాస్త్రంలో పరిశోధనకు చేరినప్పుడు మా గైడు మేడం ఇచ్చిన అంశం, మట్టిలోని బ్యాక్టీరియా నుంచి ప్రొటియేజులను వెతకడం. ప్రొటియేజు అంటే మాంసకృత్తులను ముక్కలు చేసే ఎంజైము. బట్టల సబ్బుపొడిలో నెత్తురు మరకను, పాల మరకను వదిలించేది ఇదే. తోళ్ళ పరిశ్రమకు కూడా ఇది కావాలి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నేను చేయబోయే పని ఏమిటో తాతకు వివరించాను. మట్టిలో కంటికి కనబడని జీవులు ఉంటాయని, వాటిలో కొన్ని తోలు మీది వెంట్రుకను వదిలించగలవని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"కొత్త సున్నం ఎంత ఘాటుగా ఉన్నా వెంట్రుకను త్వరగా వదలనివ్వదు బిడ్డా. పాత గుంతలో నీళ్ళు రెండు ముంతలు కలిపితే తొందరగా వదిలేది. అందుకే పాత నీళ్ళు మొత్తం ఎప్పుడూ పారబోసేవాళ్ళం కాదు. పాలల్లో తోడు వేస్తాం చూడు, అట్లాగే."

ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత పుస్తకాలు తిరగేస్తే తోళ్ళ శాస్త్రంలోనూ ఆ సంగతి ఉంది. వాడిన సున్నపు నీళ్ళలో బ్యాక్టీరియా పెరుగుతుంది, అది వదిలే ఎంజైములు వెంట్రుక కుదుళ్ళను వదులు చేస్తాయి. తాతకు ఆ పేర్లు తెలియవు, పద్ధతి తెలుసు. నేను వెతకవలసిన చోటు ఏదో ఆయన ఒక్క మాటలో చెప్పేశారు.

మర్నాడు ఆయన కర్ర పట్టుకుని నాతో వచ్చారు. లంద మూతపడి చాలా ఏళ్ళయింది. ఆ చోటంతా సర్కారు తుమ్మ అల్లుకుపోయింది, సగం రోడ్డు కిందికి పోయింది. తాత కాసేపు అటూ ఇటూ చూసి, వేపచెట్టు నుంచి అడుగులు లెక్కపెట్టి, ఒకచోట కర్ర గుచ్చారు. "ఇది మూడో గుంత. మంచి గుంత." పై పొర తీసేసి జానెడు లోతుకు తవ్వితే నల్లటి మట్టిలో తెల్లటి సున్నపు పలుకులు కనబడ్డాయి. స్పిరిట్‌తో తుడిచిన గరిటెతో ఆ మట్టిని శుద్ధి చేసిన సంచుల్లో నింపాను. ల్యాబ్‌కు తెచ్చి పీహెచ్ చూస్తే 8.6 వచ్చింది. చుట్టుపక్కల పొలాల మట్టి కంటే క్షారం ఎక్కువ.

తాత మాట ఒక్కటే నమ్ముకుని పరిశోధన చేయడం కుదరదు కాబట్టి మరో మూడు చోట్ల మట్టి కూడా తెచ్చాను. కబేళా వెనుక కాలువ గట్టు, కోడి ఈకలు పారబోసే దిబ్బ, పోల్చి చూడటానికి ఒక వరి మడి. మొత్తం 16 నమూనాలు. లందకు ఎల్, కబేళాకు కె, ఈకల దిబ్బకు ఎఫ్, పొలానికి పి అని గుర్తులు పెట్టుకున్నాను.

గ్రాము మట్టిలో కోట్ల సంఖ్యలో బ్యాక్టీరియా ఉంటుంది. ల్యాబ్‌లో మనం పెట్టే తిండి తిని పెరిగేవి అందులో నూటికి ఒకటి అని స్థూలంగా అంటారు. ఆ ఒక్క వంతును విడదీయడానికి కూడా మట్టిని పలచన చేస్తూ పోవాలి. గ్రాము మట్టిని 9 మిల్లీలీటర్ల ఉప్పునీటిలో కలిపి, అందులో ఒక మిల్లీలీటరు తీసి మరో 9 మిల్లీలీటర్లలో, మళ్ళీ అందులో నుంచి మరో గొట్టంలో. ఆరో గొట్టానికి వచ్చేసరికి అది పది లక్షల వంతు పలచన అవుతుంది. నేను ఇంకొక పని కూడా చేశాను. మట్టి నీటిని 80 డిగ్రీల వేడిలో పది నిమిషాలు ఉంచాను. మామూలు బ్యాక్టీరియా చచ్చిపోతుంది, గట్టి పెంకులాంటి స్పోరుల్లో నిద్రపోయే బాసిల్లస్ జాతి మిగులుతుంది. పరిశ్రమలకు పనికొచ్చే ప్రొటియేజుల్లో చాలా భాగం ఈ బాసిల్లస్ నుంచే వస్తున్నాయి.

వెతకడానికి వాడేది పాలపొడి కలిపిన అగార్ ప్లేటు. అగార్ అంటే సముద్రపు నాచు నుంచి తీసే, జెల్లీలా గట్టిపడే పదార్థం. మొదటిసారి పాలపొడి, అగార్, లవణాలు, సోడా అన్నీ కలిపి, ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్‌లో ఒకేసారి పెట్టాను. మూత తీసేసరికి గోధుమ రంగుకు తిరిగి, పాలు విరిగి, ముద్దలు ముద్దలుగా ఉంది. రెండు లీటర్ల మీడియం పారబోయవలసి వచ్చింది. పాలను విడిగా తక్కువసేపు మరిగించాలని, సోడా ద్రావణాన్ని విడిగా శుద్ధి చేసి చల్లారే ముందు కలపాలని ఆ రోజు తెలిసింది. నేను చదివిన పాఠ్యపుస్తకాల్లో ఈ ముక్క ఇంత స్పష్టంగా కనబడలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సరిగ్గా కుదిరిన ప్లేటు చిక్కటి మజ్జిగ పేరబెట్టినట్టు తెల్లగా ఉంటుంది. 37 డిగ్రీల వేడిలో రెండు రాత్రులు గడిచాక తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, బ్యాక్టీరియా గుంపుగా పెరిగిన కొన్ని చుక్కల చుట్టూ ఆ తెలుపు కరిగిపోయి గాజులాంటి వలయం కనబడుతుంది. చందమామ చుట్టూ వరదగుడి కట్టినట్టే ఉంటుంది. ఆ చుక్క వదిలిన ఎంజైము చుట్టూ ఉన్న పాల మాంసకృత్తిని కరిగించిందన్నమాట. మా ల్యాబ్‌లో దాన్ని జోన్ అంటారు. వలయం వ్యాసాన్ని చుక్క వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్యను బట్టి ముందు వెనుక వరుస కడతారు.

నాకు 53 చుక్కల చుట్టూ వలయాలు వచ్చాయి. అన్నిటికంటే పెద్దది కె-3, కబేళా కాలువది. చుక్క చిన్నది, వలయం మాత్రం పక్క చుక్కలను కూడా కలుపుకుని పరుచుకుంది. ల్యాబ్‌లో అందరూ వచ్చి చూశారు. లంద మట్టి నుంచి వచ్చినవి నిరాశపరిచాయి. ఎల్-7 అనే దాని చుట్టూ గోరు గీసినంత సన్నని వలయం. వరుసలో అది ముప్పయ్యో స్థానం దాటింది. నియమం ప్రకారం దాన్ని పక్కన పెట్టాలి. తాత వేపచెట్టు నుంచి అడుగులు లెక్కపెట్టడం కళ్ళ ముందు కదిలి, పారేయలేకపోయాను. మేడంను అడిగితే, "నీకు నమ్మకం ఉంటే ఉంచు, కానీ మిగతావాటికి పెట్టిన పరీక్షలే దీనికీ పెట్టు" అన్నారు. అలా పదకొండింటిని ఎంచుకున్నాను, పదకొండోది ఎల్-7.

తర్వాతిది ఈకల పరీక్ష. ఈకలో దాదాపు తొంభై శాతం కెరటిన్ అనే మాంసకృత్తి. వెంట్రుకా, గోరూ, కొమ్మూ దీనితోనే తయారవుతాయి. గంధకపు బంధాలు దీన్ని బిగించి ఉంచుతాయి కాబట్టి మామూలు ప్రొటియేజులకు లొంగదు. అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు కోళ్ళ వ్యర్థాలను కుళ్ళబెట్టే తొట్టిలో ఈకలు కరిగిపోవడం గమనించి, అందులో నుంచి బాసిల్లస్ లైకెనిఫార్మిస్‌ను వేరు చేశారు. 1990లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్ళు కూడా పని ఎక్కడ జరుగుతోందో అక్కడే వెతికారు. ఒక్కో గొట్టంలో లవణాల నీళ్ళు పోసి, శుభ్రం చేసిన ఒక్కో తెల్ల ఈక వేసి, ఒక్కో బ్యాక్టీరియాను కలిపి, నిమిషానికి 180 చుట్లు తిరిగే షేకర్ మీద పెట్టాను. ఆ ఈక తప్ప అందులో వేరే తిండి లేదు.

మొదటి రెండు రోజులు ఏమీ జరగలేదు. మూడో రోజు కె-3 గొట్టంలో ఈక అంచులు తడిసిన నూలులా ముద్దకట్టాయి. నాలుగో రోజు పోచలన్నీ రాలి కాడ ఒక్కటే మిగిలింది. ఆరో రోజు కాడ కూడా మధ్యలో విరిగి, నీళ్ళు పసుపు పచ్చగా చిక్కబడ్డాయి. బ్యాక్టీరియా వేయని గొట్టంలో ఈక మాత్రం వేసిన నాటి తెల్లదనంతోనే తేలుతూ ఉంది. ఆ రెండు గొట్టాలను పక్కపక్కన పట్టుకుని చూసిన నిమిషం నేను మరచిపోలేను. ఎల్-7 గొట్టంలో పోచలు వదులయ్యాయి, కాడ నిలిచే ఉంది.

ఎంజైము ఎంత ఉందో కొలిచే పరీక్షలోనూ అదే వరుస. కేసిన్ అనే పాల మాంసకృత్తి ద్రావణంలో ఎంజైము కలిపి పది నిమిషాలు ఉంచి, ఆమ్లంతో చర్యను ఆపి, వడకట్టిన నీటిలో ఫోలిన్ ద్రావణం వేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఎంజైము అంత ఎక్కువ. కె-3 కి మిల్లీలీటరుకు 210 యూనిట్లు, ఎల్-7 కి 64. కాగితం మీద కె-3 గెలిచింది, నేను కూడా దాని మీదే మొదటి వ్యాసం రాయడం మొదలుపెట్టాను.

ఆ దశలో తోలు గురించి కొంత చదివాను. తోళ్ళ కర్మాగారాల్లో సున్నంతో పాటు సోడియం సల్ఫైడు వాడతారు. అది వెంట్రుకను గుజ్జుగా కరిగించేస్తుంది. ఆ గుజ్జంతా మురుగునీటిలో చేరి నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. సల్ఫైడు కలిసిన నీటికి ఆమ్లం తగిలితే హైడ్రోజన్ సల్ఫైడు వాయువు పుడుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన వేసే ఆ వాయువు మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలియడమే ఆగిపోతుంది, మనిషి అక్కడే కూలిపోతాడు. మురుగు గుంతలు శుభ్రం చేయడానికి దిగినవాళ్ళు అలాగే చనిపోతున్నారు. ఎంజైముతో తోలు పని చేయడం కొత్త సంగతి కాదు. తోలును మెత్తబరచడానికి ఒకప్పుడు యూరప్‌లో కుక్కల మలం, పావురాల రెట్ట వాడేవారు. 1907 ప్రాంతంలో జర్మనీలో ఓటో రోమ్ దాని బదులు జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైమును తెచ్చాడు. చెన్నైలోని కేంద్రీయ తోళ్ళ పరిశోధనా సంస్థ వెంట్రుకలు తీసే ఎంజైముల మీద ఎంతో కాలంగా పని చేస్తోంది. ఇంత చరిత్ర ఉన్నా సల్ఫైడు ఇంకా పోలేదు, ఎందుకంటే అది చవక.

ఇక అసలు తోలు మీద పరీక్ష. హాస్టల్ దగ్గరి మాంసం దుకాణంలో మేక తోలు అడిగితే ఆయన, "తోలుతో మీకేం పని అమ్మా?" అని అడిగి, చెప్పాక డబ్బు తీసుకోకుండా ఇచ్చాడు. అరచేయంత ముక్కలుగా కోసి కడిగాను. ఒకదానికి సున్నం, సల్ఫైడు. ఒకదానికి కె-3 ఎంజైము, ఒకదానికి ఎల్-7 ఎంజైము, ఇంకొకదానికి ఉత్త నీళ్ళు. ఎంజైమును చైనా మట్టితో ముద్దగా కలిపి తోలు లోపలి వైపు పూసి, మడిచి, గది వేడిలోనే 18 గంటలు ఉంచాను.

మర్నాడు ఉదయం ముందు కె-3 ముక్క విప్పాను. వెంట్రుకలు వేలు తగలగానే వచ్చేశాయి. సంతోషంతో తోలు మీద బొటనవేలు రుద్దాను. పై పొర జిగటగా జారింది. వెలుతురుకు పట్టి చూస్తే వెంట్రుకల రంధ్రాలు పెద్దవై, ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. రెండు వైపులా పట్టుకుని లాగితే తడి కాగితంలా చిరిగింది. తోలుకు బలమిచ్చే కొల్లాజెన్‌నే అది తినేసింది. ఆరు నెలలుగా నేను గొప్పదనుకున్న బ్యాక్టీరియా తోలును పాడుచేసింది.

ఎల్-7 ముక్క మీద వెంట్రుకలు వాటంతట అవి రాలేదు. మొద్దు కత్తితో ఒక్కసారి గీకితే కుదురుతో సహా వచ్చాయి. ఒక వెంట్రుకను కటకం కింద పెట్టి చూశాను. కింది భాగం తెల్లగా ఉబ్బి, చెక్కుచెదరకుండా ఉంది. అది వెంట్రుకను కరిగించలేదు, వెంట్రుకను పట్టి ఉంచిన జిగురులాంటి మాంసకృత్తులను మాత్రమే కోసింది. తోలు పై పొర నున్నగా, రంధ్రాలు సూది గుచ్చినంత సన్నగా ఉన్నాయి. లాగితే సాగింది, చిరగలేదు. వెంట్రుకలు గుజ్జు కాకుండా పోగులుగా మిగిలాయి కాబట్టి నీటిలో నుంచి ఏరి తీసేయవచ్చు.

పాల ప్లేటు నాకు అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన ప్రశ్నకు అది సరిగ్గానే జవాబిచ్చింది. పాలను ఎవరు బాగా కరిగిస్తారని అడిగాను, చూపించింది. తోలును చెడగొట్టకుండా వెంట్రుకను ఎవరు వదిలిస్తారని నేను మొదట అడగలేదు. పాలను అంత తీవ్రంగా కరిగించేదానికి కొల్లాజెన్ ఒక లెక్క కాదని అప్పుడే అనుమానించవలసింది. ఇప్పుడు మా ల్యాబ్‌లో కొత్తగా చేరేవాళ్ళు తోలు కోసం వెతికితే మొదటి వారంలోనే తోలు ముక్క మీద పరీక్షిస్తున్నారు. వలయం చిన్నదని దేన్నీ పారేయడం లేదు. జెలటిన్ ప్లేటుతో సరిపెట్టుకుందామని కొందరు అంటారు. జెలటిన్ అంటే వేడికి విడిపోయిన కొల్లాజెన్. దాన్ని దాదాపు ప్రతి ప్రొటియేజూ కరిగిస్తుంది, అది చూసి నిర్ణయం తీసుకుంటే ఎల్-7 లాంటివి కూడా వడపోతలో పోతాయి.

ఎల్-7 మిగిలిన లక్షణాలు త్వరగానే తేలాయి. బ్యాక్టీరియాను గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జన్యువు చదివిస్తే బాసిల్లస్ సబ్టిలిస్ కుటుంబానికి చెందినదని తెలిసింది. ఆ కుటుంబంలోని దగ్గరి జాతులను ఈ ఒక్క జన్యువుతో విడదీయడం కష్టం కాబట్టి వ్యాసంలో జాతి పేరు తేల్చి రాయలేదు. పీఎంఎస్‌ఎఫ్ అనే రసాయనం కలపగానే ఎంజైము ఆగిపోయింది, అంటే సెరీన్ ప్రొటియేజుల వర్గం. పీహెచ్ 9 దగ్గర బాగా పని చేస్తుంది.

తర్వాతి ఏడాది ఒక పెద్ద భయం పట్టుకుంది. ఎల్-7 ను వారం వారం కొత్త ప్లేటు మీదికి మారుస్తూ ఉండగా, ఎనిమిది నెలలకు అసలే సన్నని వలయం పూర్తిగా మాయమైంది. బ్యాక్టీరియా బాగానే పెరుగుతోంది, ఎంజైము చేయడం లేదు. తేలిగ్గా తిండి దొరికే ప్లేట్ల మీద తరాలు గడిచేకొద్దీ ఇలా జరుగుతుంది. మొదట్లో మా ల్యాబ్ సీనియర్ ఒకరు చెప్పగా, లంద మట్టినే మూడు రోజులు వరుసగా ఆటోక్లేవ్ చేసి, ఆరబెట్టి, అందులో ఎల్-7 స్పోరులను కలిపి నాలుగు చిన్న సీసాల్లో దాచాను. ఒక సీసా తెరిచి చిటికెడు మట్టిని పాల ప్లేటు మీద చల్లాను. రెండో రోజు వలయం తిరిగి వచ్చింది, మొదటిసారి ఎంత సన్నగా కనబడిందో అంతే సన్నగా. ఆ రోజు నుంచి ప్రతి ప్రయోగాన్నీ ఆ మట్టి సీసాల నుంచే మొదలుపెట్టాను.

ఖరీదు తగ్గించకపోతే సల్ఫైడుతో పోటీ పడలేం. బ్యాక్టీరియాకు తిండిగా వేసే పెప్టోన్ బదులు గానుగ దగ్గర దొరికే వేరుశనగ చెక్క పొడి వేసి చూశాను. ఎంజైము తగ్గలేదు, కొంచెం పెరిగింది కూడా. బ్యాక్టీరియాను ఎక్కువ మొత్తంలో పెంచే ఐదు లీటర్ల ఫర్మెంటర్‌లో మాత్రం నురగ పొంగి ఫిల్టర్లు తడిసిపోయి రెండు బ్యాచులు పాడయ్యాయి. ఆ పని ఇంకా సాగుతోంది.

సిద్ధాంత గ్రంథం రాసేటప్పుడు ఒక విషయంలో పట్టుబట్టాను. పాత సున్నపు నీళ్ళు కలిపే పద్ధతి గురించి తాత చెప్పినదాన్ని కృతజ్ఞతల పేజీలో కాకుండా, నమూనాలు ఎలా ఎంచుకున్నామో చెప్పే అధ్యాయంలో, లంద పనివారి జ్ఞానంగా రాశాను. సంప్రదాయ జ్ఞానం నుంచి లాభం వస్తే ఆ జ్ఞానం ఉన్నవారికి వాటా ఉండాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టం చెబుతోంది. వాటా సంగతి తర్వాత. అసలు ఆ జ్ఞానం ఉందని ముందు కాగితం మీదికి ఎక్కాలి. మేడం ఒక్క అక్షరం మార్చకుండా సంతకం చేశారు.

పోయిన సంక్రాంతికి ఎల్-7 తో వెంట్రుకలు తీసిన మేక తోలు ముక్కను ఉప్పు రాసి ఊరికి తీసుకెళ్ళాను. తాత దాన్ని కడిగించుకుని ఒళ్ళో పరుచుకున్నారు. బొటనవేలితో పై పొరను ఒక అంచు నుంచి మరో అంచు దాకా నెమ్మదిగా రుద్దారు. మడిచి, విప్పి, మడత పడిన చోటును కిటికీ వెలుతురుకు పెట్టారు. వాసన చూశారు.

"సున్నం వేయలేదా?"

"లేదు తాతా."

"ఎన్ని రోజులు?"

"ఒక్క రాత్రి."

ఆయన మళ్ళీ రుద్దారు. మెడ వైపు అంచు దగ్గర వేలు ఆగింది. "ఇక్కడ కొంచెం తక్కువ నానింది. మెడ తోలు మందం, దానికి ఒక లెక్క, పొట్ట తోలుకు ఒక లెక్క. అంతటికీ ఒకటే పూత పూస్తే కాదు." అప్పటిదాకా నేను ముక్క తోలులో ఏ భాగం నుంచి వచ్చిందో రాసుకోనేలేదు. అక్కడే నోటు పుస్తకం తీసి రాసుకున్నాను. "తంగేడు చెక్కలో వేశావా?" అని అడిగారు. లేదన్నాను. లేచి, కర్ర తీసుకుని, చెరువు కట్ట మీద తంగేడు ఇంకా ఉందేమో చూద్దాం పద అన్నారు.